సాంచె ఆగేదాకా

రోజూ పొద్దున ఎనిమిదింటికి బీపీ మాత్ర వేసుకోమని నా ఫోను దానంతటదే మోగుతుంది. ఒకసారి చెబితే చాలు, మళ్లీ అడగక్కర్లేదు. జగిత్యాలలో ఈ ఇంట్లో కూర్చుని ఆ మోత విన్నప్పుడల్లా నాకు సంతోషం కాదు, ఒళ్లు మండుతుంది. ఒకే పనిని పదే పదే చేయమని ఒక కంప్యూటర్‌ను బతిమాలుతూ నేను పడ్డ తిప్పలు నా ఈడు వాళ్లకు చెప్పుకుంటే తప్ప ఆ మంట చల్లారదు.

అప్పట్లో నేను కోరుట్లలో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. మా బాపు సిరిసిల్లలో ఒక ఆసామి షెడ్డులో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. చూపు మందగించి, పడుగులో పోగు తెగినా కనిపెట్టలేక గుడ్డ పాడవుతుంటే, దసరా దాకా చూసి పనిలోంచి దించేస్తానని ఆసామి తేల్చి చెప్పేశాడు. ముప్పై ఏళ్లు సాంచెల మధ్య నడిచిన మనిషిని కూర్చోబెడితే ఏమైపోతాడోనని నాకు బెంగ పట్టుకుంది. పోగు తెగితే దాని మీద వేలాడే రేకుముక్క జారి తీగకు తగిలేలా అమర్చి, ఆ తీగను ఒక పాత కంప్యూటర్‌కు కలిపి, సెకనుకు నాలుగుసార్లు దాన్ని చూసి గంట మోగించే ఫంక్షన్, అంటే చిన్న ప్రోగ్రామ్ ముక్క, రాశాను. మామూలు ప్రోగ్రామ్ వేరే పనుల్లో పడి ఆలస్యం చేస్తోందని, ఆపరేటింగ్ సిస్టమ్ లోలోపలి కెర్నెల్‌లోకే మాడ్యూల్‌గా, అంటే కావాలంటే తీసేయగల అతుకుగా, ఎక్కించాను.

అది ఒక్కసారి చూసి ఊరుకుంది. పదిహేను రోజులు తల బద్దలు కొట్టుకుంటే తెలిసిందేమిటంటే, ఫంక్షన్‌ను వేళకు పిలవడానికి నేను పెట్టిన టైమర్ ఒక్కసారే పలుకుతుందట, ఫంక్షన్ తన పని ముగించి పోతూ పోతూ తర్వాతి వంతును తానే పెట్టుకోవాలట. ఈ ముక్క చెప్పే నాథుడు కోరుట్లలో లేడు. అది చేర్చాక చక్కగా నడిచింది గాని, కరెంటు ఎప్పుడు పోతుందోనన్న తొందరలో మాడ్యూల్‌ను తీయకుండా ప్రతిసారీ కంప్యూటర్‌నే ఆపేసేదాన్ని, కాబట్టి తీస్తే ఏమవుతుందో నాకు తెలియనే తెలియదు.

దసరాకు వారం ముందు ఆ డబ్బాను బస్సులో ఒళ్లో పెట్టుకుని సిరిసిల్ల మోసుకుపోయాను. ఆసామి ముందర బాపు కావాలనే ఒక పోగు తెంపాడు, గంట మోగింది, బాపు ముఖం విప్పారింది. పోగు అతికించి సాంచెను మళ్లీ నడిపించాక, ఆసామి గంట దిక్కు చూసి, "ఇంకింత సేపు మోగుతదా?" అన్నాడు. ఎంత మాట, అదెంత పని అనుకుని, గంట ఎక్కువసేపు మోగేలా మార్చిన కొత్తది ఎక్కించడానికి పాత మాడ్యూల్‌ను తీసేశాను. టైమర్‌ను మాత్రం ఆపలేదు. పావు సెకనులో అది తన వంతుకు వచ్చి, అక్కడ లేని ఫంక్షన్‌ను పిలిచింది, కంప్యూటర్ కొయ్యబారిపోయింది. నేను దాన్ని తిడుతూ ఉండగానే మరో పోగు తెగింది. గంటను నమ్మి బాపు అవతలి సాంచె దగ్గరున్నాడు. ఆసామి కళ్ల ముందే గజం గుడ్డ చెడిపోయింది, ఆ సాయంత్రమే బాపును దించేశాడు.

ఇంటికి నడుస్తూ జరిగింది ఏడుస్తూ చెప్పాను. బాపు తిట్టలేదు, ఆశ్చర్యపోయాడంతే. "నడిశేదాన్ని నడుస్తుండంగనే ఇడిశిపెట్టి అచ్చినవా బిడ్డా?" అన్నాడు. అన్నానికి వెళ్లేముందు పిడి దించి, సాంచె పూర్తిగా ఆగేదాకా పక్కనే నిలబడి, అప్పుడే గడప దాటే మనిషి ఆయన. చిన్నప్పటినుంచి చూస్తూ కూడా నాకు తట్టలేదు, అదే నా కడుపుమంట.

టైమర్‌ను ఆపి, నడుస్తున్న వంతు ముగిసేదాకా ఉండమనే ఆ ఒక్క వరుస మర్నాడు రెండు నిమిషాల్లో రాశాను. ఆసామి మళ్లీ ఆ డబ్బాను షెడ్డులోకి రానివ్వలేదు. బాపు మిగిలిన ఏళ్లు ఇంటి ముందర కూర్చుని పక్కవాళ్ల సాంచెలకు నూలు కండెలు చుట్టాడు.

ఇప్పుడు పోగు తెగితే సాంచెలే ఆగిపోతాయట, వాటి మధ్య తిరిగే మనుషులూ తగ్గారట. అన్నీ వాటంతటవే జరిగే కాలం వచ్చింది, రావాల్సిన రోజున రాలేదు. నేను మాత్రం పొద్దున మాత్ర వేసుకుని ఫోను మోత ఆపాక, అది పూర్తిగా ఊరుకుందని నమ్మకం కలిగేదాకా చేతిలోంచి కింద పెట్టను.