ఎండలో ఆరబోసిన బూజు

పసుపుపచ్చగా మారిన చెరుకును పట్టి లాగితే దుబ్బుకు దుబ్బే చేతిలోకి వచ్చేసింది. దానికి వేర్లు లేవు. మట్టిలో తెల్లగా, లావుగా, కొడవలిలా వంగి పడుకున్న వేరుపురుగులు. మా చేనూ, గట్టవతల చిన్నాయన చేనూ ఒకేలా వాడిపోతున్నాయి. మాకు కాస్త పత్తి అయినా ఉంది. చిన్నాయనకు ఆ చెరుకు తప్ప ఇంకేం లేదు.

గార్ల మండలాఫీసులో వ్యవసాయాధికారి ఒక పొడి గురించి చెప్పాడు. అది విషం కాదు, వేరుపురుగుకు రోగం తెచ్చే బూజు. నాయిన, చిన్నాయన కలిసి పొట్లాలు తెచ్చారు. వాటి మీది అక్షరాలు చదివే పని నాది. అరుగు మీద ఇద్దరి ముందూ తలొంచుకుని చదివాను: మాగిన పెంటఎరువులో కలపాలి, నీళ్లు చిలకరించాలి, తడి గోనెసంచులు కప్పి నీడలో ఉంచాలి, ఎండ తగిలితే అందులోని ప్రాణం పోతుంది. అమ్మ లోపల రొట్టెలు చేస్తోంది. మా ఇంట్లో చేను సంగతులు అరుగు మీదే అయిపోతాయి, వంటింటి దాకా రావు.

కొట్టంలో కుప్ప పోశారు. సగం మాది, సగం చిన్నాయనది.

ఎరువు చల్లుదామని వాళ్లు అనుకున్న రోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి వాకిలి నిండా పెంటఎరువు పరిచి ఉంది. అమ్మ వడ్లు ఆరబోసినట్టు కాలితో చాళ్లు తీస్తోంది.

"బూజు వట్టింది బిడ్డా. మీ నాయిన సంచులు గప్పి మర్సిపోయిండు. ఎవలన్న జూస్తే ఇజ్జత్ పోతది."

చింతపండుకు బూజు పట్టినా, పప్పుకు పట్టినా అమ్మ చేసేది అదే. ఆమె ఇంటి శుభ్రత గురించి ఊళ్లో గొప్పగా చెప్పుకుంటారు.

నేను నోరు తెరిచేలోపే తట్టలు పట్టుకుని ఇద్దరూ వచ్చారు. నాయిన అరిచాడు. ఎండ తగిలితే ఏమవుతుందో అమ్మకు అప్పుడే తెలిసింది. నేను తలుపు వెనక్కి జరిగాను. మొదట అమ్మను చూసి సిగ్గేసింది, చిన్నాయన ముందు ఇలా చేసిందేమిటని. తలుపు సందులోంచి ఆమె ముఖం చూశాక ఆ సిగ్గు నా వైపు తిరిగింది. ఇన్ని పుస్తకాలు చదివే నేను ఆ నాలుగు మాటలు ఆమెకు చదివి వినిపించాలనుకోలేదు.

చిన్నాయన అరవలేదు. "నా సగం గూడ ఎండిందా వదినె?" అన్నాడు.

అమ్మ కొట్టంలోకి నడిచింది. గోడ మూలన ఆమె ఇంకా ఎత్తని ఎరువు కొంత మిగిలి ఉంది, తడిగా, తెల్లటి నూగుతో.

"గిదంత నువ్వే దీస్కపో. మాకొద్దు."

నాయిన ఏదో అనబోయాడు. అమ్మ అటు చూడలేదు. చిన్నాయన దాన్ని తట్టలకెత్తుకున్నాడు.

ఎండినదాన్ని నాయిన ఆశ చావక మా చేనులో చల్లాడు. వానలు పడ్డాక కూడా మా దుబ్బులు ఒరుగుతూనే ఉన్నాయి. నల్లా దగ్గర ఒకామె, మీ ఇంట్ల పెంట గూడ ఆరబోస్తరట గదా అని నవ్విందట. అప్పటి నుంచి అమ్మ అందరూ వెళ్లాక బిందె తీసుకుని వెళ్తోంది. నేను తోడు వెళ్తాను.

మొన్న చిన్నాయన మోదుగాకులో చుట్టి ఏదో తెచ్చాడు. అమ్మ ముందు విప్పాడు. చచ్చి గట్టిపడిన వేరుపురుగు, ఒళ్లంతా ముదిరి ఆకుపచ్చగా మారిన బూజు. ఆయన చేనులో కొత్త పిలకలు నిలబడుతున్నాయట.

"నీ బూజే వదినె. జర గిదన్న ఎండల వెట్టకు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో లేదో తెలియలేదు. ఆకును కొట్టంలో నీడన పెట్టి, వేళ్లతో నీళ్లు చిలకరించి, వంటింట్లోకి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది.

"ఆ పొట్లం ఉన్నదా? నాకు సదువు."

తెచ్చి చదవడం మొదలుపెట్టాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు. "జర గట్టిగ సదువు," అంది అమ్మ, రొట్టె తిప్పుతూ.