ఆ చీరముక్క ఉతికింది నేను

పది రోజుల క్రితం మా వియ్యపురాలు పోయింది. పొద్దున్నే అల్లుడు ఫోన్ చేసి, "అత్తమ్మా, అమ్మ లేస్తలేదు" అన్నాడు. హఫీజ్‌పేట్‌లో ఆటో ఎక్కి, చందానగర్‌లో వాళ్ళ ఫ్లాటు దాకా ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళాను. నన్నెరిగిన వాళ్ళకి అదెంత పెద్ద విషయమో తెలుసు.

మేమిద్దరం స్నేహితులమని ఎవరైనా అంటే ఇద్దరమూ ఒప్పుకునేవాళ్ళం కాదు. అమ్మాయి పెళ్ళయిన వారానికే ఆవిడ నన్ను చూసి, "ఏంది వదినా, గిట్ల చిక్కినవ్?" అంది. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాక నన్ను 'నువ్వు' అన్న మొదటి మనిషి. నేను పట్టుదలగా 'మీరు', 'అండి' అంటూనే ఉన్నాను, చూసి నేర్చుకుంటుందేమోనని. ఏడేళ్ళయినా నేర్చుకోలేదు.

ఆవిడ పుట్టింది ఆ ఫ్లాట్లు లేవక ముందు అక్కడున్న ఊళ్ళోనే. పద్నాలుగో అంతస్తు బాల్కనీలో నిలబడి, దూరంగా అద్దాల భవనాలు చూపించి, "అగో, మావోని ఆఫీసు కాడ మా బర్లు మేసేటివి" అనేది. "ఇప్పుడూ పెద్ద తేడా లేదు లెండి. పలుపుకి బదులు ఐడీ కార్డు" అన్నాను ఓసారి. దగ్గు వచ్చేదాకా నవ్వింది. వారం రోజులు లిఫ్టులో కనపడ్డ వాళ్ళందరికీ చెప్పింది, మాట నాదేనని కూడా చెప్పింది. అక్కడే నాకు చిక్కు వచ్చేది. పూర్తిగా కోపం తెచ్చుకోనిచ్చేది కాదు.

మనవరాలికి వేళకి తినిపించాలని నేను గిన్నె పట్టుకుని తిరుగుతుంటే, "ఇది బడి గాదు వదినా, గంట గొట్టకు. ఆకలైతే అదే వస్తది" అనేది. పిల్ల వచ్చేది కూడా. అదీ నా బాధ.

పిల్ల పుట్టినప్పటి నుంచీ నానమ్మ పక్కనే పడుకునేది. ఆవిడ పాత నేతచీర ముక్క ఒకటి ముక్కుకి ఆనించుకుంటే తప్ప కళ్ళు మూసేది కాదు. కొబ్బరినూనె, వక్కపలుకు, తాలింపు, అన్నీ కలిసిన ఒక వాసన ఆ గుడ్డకి. అంటే ఆవిడ వాసన.

నిరుడు ఆవిడకి గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. రెండు వారాల్లో ఆసుపత్రిలో చేరాలి, ఆ తర్వాత కొన్ని నెలలు పిల్లని ఎత్తుకోకూడదు, పక్కన పడుకోబెట్టుకోకూడదు. మూడున్నరేళ్ళ పిల్ల ఇక నా దగ్గర పడుకోవడం నేర్చుకోవాలి. ఇంట్లో ప్రయత్నిస్తే లేచి నానమ్మ గదిలోకి పరుగెత్తేది. కొత్త చోటైతే కుదురుతుందేమోనని, వికారాబాద్ దాటాక చెరువు పక్కన గుడారాలు కిరాయికిచ్చే చోటికి అల్లుడు అందరినీ బయల్దేరదీశాడు. పద్నాలుగో అంతస్తులో ఇల్లు కొనుక్కుని, నేల మీద పడుకోవడానికి డెబ్భై కిలోమీటర్లు వెళ్ళే తరం ఇది.

బయల్దేరే ముందురోజు నేను ఆ చీరముక్కని వేడినీళ్ళలో వేసి, క్రిమిసంహారక ద్రావణం పోసి, రెండుసార్లు ఉతికాను. శుభ్రత కోసమని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు ఆవిడ లేదు కాబట్టి నిజం చెబుతాను. ఆ వాసన పోతే నాకు చోటు దొరుకుతుందనుకున్నాను.

పొద్దు గూకుతుండగా గుడారంలో పిల్ల ఆ గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుని, విసిరికొట్టింది. "ఇది నాది కాదు." ఇక ఏడుపు. చెరువు అవతలి గట్టు మీద కొంగలు కూడా ఎగిరిపోయాయి.

"దీన్ని ఎవరు ఉతికారు?" అంది మా అమ్మాయి.

మాటకి వెరవని మనిషినని పేరున్నదాన్ని. ఆ పూట నోరు రాలేదు.

"నేనే బిడ్డా" అంది వియ్యపురాలు. "కంపు గొడ్తుందని నానబెట్టిన."

"తెలిసి తెలిసి ఎలా ఉతికారు అత్తయ్యా?"

"నీకెందుకే అమ్మా గివన్నీ? జర ఊకె ఉండరాదా?" అన్నాడు ఆవిడ కొడుకు.

జబ్బుమనిషి నా బదులు ఇద్దరి చేతా మాటలు పడింది. నేను విన్నాను. విని, మూడు రాళ్ళ పొయ్యి మీద కిచిడీ కలపడానికి వెళ్ళాను.

కాసేపటికి ఆవిడ ఆ గుడ్డ పట్టుకుని నా వెనకాలే వచ్చింది. "నేనని మీకెలా తెలుసండీ?" అన్నాను.

"దవాఖాన వాసనొస్తుంది. మా ఇంట్ల గా నీళ్ళు నువ్వొక్కదానివే పోస్తవ్." ఆ గుడ్డ నా చేతికిచ్చింది. "నడుముకు చుట్టుకో. చుట్టుకొని పొయ్యి కాడ్నే కూసో. చెమట పట్టాలె."

"పిల్లకి కావలసింది మీ వాసన. మీరే చుట్టుకోండి."

"నా వాసన ఇంకో రెండు వారాలే గద. అటెనుక ఎవల్ని అడుగుతది?"

మంట ఎగదోసి వెళ్ళి పిల్లని భుజాన వేసుకుని గట్టు మీద తిరిగింది. నేను పొగలో, చెమటలో, ఇంగువలో గంటసేపు ఉడికాను. జీవితంలో అంత శ్రద్ధగా కిచిడీ వండలేదు. తిండి అయ్యాక పిల్లని తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "నా మోకాళ్ళు వంగయి, నేను కార్ల పంటా" అని వెళ్ళిపోయింది. రోజూ పీట మీద కూర్చుని కూరగాయలు తరిగే మనిషి.

పిల్ల ఎక్కిళ్ళు పెడుతూ గుడ్డని రెండు మూడుసార్లు వాసన చూసింది. మొహం చిట్లించింది. చివరికి దాన్ని చెంప కిందికి లాక్కుంది.

ఆపరేషన్ బాగానే అయింది, ఆ తర్వాత ఏడాది పైన బతికింది. గుడ్డ ఉతికింది నేనన్న మాట ఆవిడ ఎవరికీ చెప్పలేదు, నాతో కూడా మళ్ళీ ఎత్తలేదు. ఆవిడ చోట నేనుంటే పండక్కీ పబ్బానికీ గుర్తు చేసేదాన్ని. మా అమ్మాయి ఇది చదివాక నన్ను ఏమన్నా పడతాను. ఏడాది ఆలస్యంగా పడుతున్నాను, అంతే.

గుడారంలో పడుకున్న ఆ మర్నాడు పొద్దున నాకు ముందు మెలకువ వచ్చింది. గుడారం తెర సగం తెరిచి ఉంది. ఎదురుగా కారు, దాని కింద నుంచి అవతలి పక్క నిలబడ్డ రెండు పాదాలు కనిపించాయి. చెప్పులు లేవు, మంచుకి తడిసిన గడ్డి అంటుకుని ఉంది. ఎప్పటి నుంచి అలా నిలబడిందో.

పిల్ల కదిలింది. కళ్ళు తెరిచి గుడారం కప్పు చూసింది, ఏడవడానికన్నట్టు నోరు తెరిచింది. కారు కింద ఆ పాదాలు ఒక్క అడుగు ముందుకు వచ్చాయి.

"అమ్మమ్మా, పాలు" అంది పిల్ల.

పాదాలు ఆగాయి. కాసేపు అక్కడే ఉన్నాయి. తర్వాత వెనక్కి తిరిగి, మడమలు ఆనకుండా, మునివేళ్ళ మీద, చెరువు వైపు వెళ్ళిపోయాయి.