పొసగని మాట

ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే విచారణకు వచ్చే ఆయన్ని కార్మికులు చాటుగా "చిక్కుముడి" అంటారు. పొద్దున్నే టీ చల్లారేలోగా పేపర్లో తర్కం పజిలు ముగించి, పెన్ను మూత పళ్ళతో నొక్కి, సాక్షుల్ని ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తాడు. మిషను ఊసెత్తడు. ఆ పూట ఫ్యాను తిరిగిందా, పక్కన ఎవరున్నారు అంటాడు. అబద్ధమాడేవాడు పెద్ద సంగతి బట్టీ పట్టి వస్తాడనీ, చిన్నదాని దగ్గర బోర్లా పడతాడనీ ఆయన నమ్మకం. ఇద్దరి మాటలు పొసగకపోతే ఆయన కళ్ళు మెరుస్తాయి. ఎవరి ఉద్యోగం ఊడినా ఆ మెరుపు తగ్గదు.

ఒక సాయంత్రం ఇంటి దారిలో ఉండగా వదినగారు ఫోన్ చేసింది. "ఏమయ్యా, మా చెల్లి ఎలా ఉంది? ఇటు రాక నెల దాటింది." ఇంటికొచ్చేసరికి భార్య గోడ పట్టుకుని చెప్పులు విప్పుతోంది. "అక్కయ్య దగ్గరికి వెళ్ళొచ్చానండీ."

అలవాటు కొద్దీ చిన్నదే అడిగాడు. "ఆవిడ ఏం పెట్టింది?"

"అన్నీ పెట్టింది," అంటూ చెయ్యి వెనక్కి లాక్కుంది. మోచేతి మడతలో ఆస్పత్రి దూది కనిపించనే కనిపించింది. వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో వారం రోజులుగా కూతురికి ఎందుకు నేర్పుతోందో ఆయనకు అప్పుడు తెలిసింది.

"ఎందుకలా చూస్తారు?"

"మీ అక్కయ్య ఫోన్ చేసింది."

ఆమె ముఖం పాలిపోయింది.

"నువ్వొచ్చి వెళ్ళావని చెప్పింది," అన్నాడు.

ఆమె ఆయన్నే చూస్తూ, "అవునండీ, వెళ్ళా," అంది. ఇద్దరి మాటలూ కలిశాయి. ఆయన వంగి ఆమె రెండో చెప్పు విప్పాడు.