దేశానికి కావాలి, నాకు వద్దు

మా బాపుకు వరంగల్ చౌరస్తా దగ్గర ఇత్తడి సామాన్ల దుకాణం ఉండేది. ఆయన తమ్ముడు, మా చిన్నాయన, కాజీపేట స్టేషన్‌లో టికెట్లిచ్చే గుమస్తా, యూనియన్ మనిషి. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లోనే తినేవాడు. కంచాల ముందు కూర్చోగానే అన్నదమ్ములిద్దరూ దేశం సంగతులు ఎత్తుకునేవారు. ఏ విషయంలోనూ వాళ్లకు పొసగేది కాదు.

రష్యా రాకెట్‌లో మన మనిషి ఒకతను అంతరిక్షానికి వెళ్లినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. చిన్నాయన మిఠాయి డబ్బాతో వచ్చాడు. బాపు ఒక ముక్క నోట్లో వేసుకుని, "నెక్కొండ రైతులు వాన కోసం మొగులు దిక్కు చూస్తాండ్లు. గా రాకెట్ వాన కురిపిస్తదా?" అన్నాడు.

"కురిపియ్యదు. ఎప్పుడు కురుస్తదో మాత్రం గా పైకి పంపిన మిషినే చెప్తది, చూడన్నా."

తర్వాత కంప్యూటర్ల మాట వచ్చింది. ఈసారి ఇద్దరూ పక్షాలు మారారు. ఢిల్లీ కొత్త ప్రభుత్వం కంప్యూటర్లు తెస్తానంటే బాపుకు సంబరం. చిన్నాయన యూనియన్ మాత్రం వాటికి వ్యతిరేకంగా గేటు మీటింగులు పెడుతోంది.

"రాకెట్ ముద్దు, కంప్యూటర్ చేదా నీకు?" అన్నాడు బాపు.

"రాకెట్ ఎవ్వని నౌకరీ గుంజుకోలే అన్నా."

"మీకు పని ఎగ్గొట్టుడు గావాలె. గంతే."

చిన్నాయన కంచంలోనే చేయి కడుక్కుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలా ఆదివారాలు రాలేదు.

నా డిగ్రీ అయ్యేసరికి హనుమకొండలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రం తెరిచారు. బాపు వద్దనడనుకుని అడిగాను.

"మగపిల్లల నడుమ కూసోని ఏం నేర్చుకుంటవు? ఎండకాలం పెండ్లి చేద్దామనుకుంటాన" అన్నాడు.

"కంప్యూటర్ గావాలె అని నువ్వే అంటివి గద బాపూ."

"దేశానికి గావాలె అన్న. నీకు గావాలె అన్ననా?"

మర్నాడు అమ్మకు చెప్పి కాజీపేట బస్సెక్కాను. చిన్నాయన కౌంటర్ దిగేదాకా బెంచీ మీద కూర్చున్నాను. నేను చెప్పింది విని ఆయన చాయ్ గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"వద్దని జెండ పట్టుకొని తిరుగుతాన. నా దగ్గరికే వస్తివా బిడ్డా?"

"ఇంకెవ్వల దగ్గరికి పోవాలె చిన్నాయనా?"

ఆ సాయంత్రమే నాతోపాటు దుకాణానికి వచ్చాడు. గల్లా ముందు నిలబడే మాట్లాడాడు.

"పిల్ల అడిగిందాంట్ల తప్పేం లేదన్నా."

"వద్దన్నది నువ్వే గద?"

"కౌంటర్ల కూసున్నోని పొట్ట కొట్టొద్దన్న. నేర్చుకునేటోల్లను ఆపుమన్ననా? పొద్దుగాల నేనే తోల్కపోత. రేపటి సంది నాది పగటీలి డ్యూటీ, అన్నం తిన్నంకనే."

బాపు బిందె కొనడానికి వచ్చిన ఆమెతో బేరంలో పడ్డాడు. మర్నాడు అమ్మ నాకు టిఫిన్ డబ్బా కడుతూ, "మీ బాపు సరే అన్నడు. మల్ల ఏం అడగకు" అంది.

రోజూ చిన్నాయన నన్ను శిక్షణ కేంద్రంలోకి పంపి, వీధి అవతల హోటల్లో పేపర్ చదువుతూ కూర్చునేవాడు. ఒకరోజు నేనే బలవంతం చేస్తే వచ్చాడు. చెప్పులు బయట విప్పాలి, అది అక్కడి నియమం. స్టేషన్ల పేర్లు కొడితే టికెట్‌లా తెర మీద చూపే చిన్న ప్రోగ్రామ్ రాశాను. అది చూపించాను. ఆయన వంగి చూశాడు.

"మంచిగున్నది. టికెట్ తప్పు పడితే ఎవ్వల్ని అడగాలె?"

మా సారును అడిగితే, తప్పు పడదన్నాడు. ఆ వారం గేటు మీటింగులో చిన్నాయన మళ్లీ కంప్యూటర్లకు వ్యతిరేకంగానే మాట్లాడాడు. నాకది వింతగా అనిపించలేదు. నాకు చదువు కావాలి, ఆయన తోటివాళ్లకు నౌకరీ కావాలి. రెండూ న్యాయమే అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను.

చిన్నాయన మళ్లీ ఆదివారాలు రావడం మొదలుపెట్టాడు. వాదనలు ఆగలేదు, వాటిలో నేనూ గొంతు కలిపాను. కోర్సయ్యాక అదే కేంద్రంలో పాఠాలు చెప్పడానికి కుదిరాను. పెళ్లి రెండు ఎండాకాలాలు వెనక్కి జరిగింది. బాపు దుకాణానికి వచ్చినవాళ్లందరికీ తన బిడ్డ కంప్యూటర్ నేర్పుతుందని తనే చెప్పుకునేవాడు.