ఎదురింటన్న గీసిన బల్ల

మా ఎదురింటన్న కావలి ఆసుపత్రిలో పోయారని ఫోను వచ్చేసరికి, నేను ఆయన్ను అడగాల్సిన ప్రశ్న ఒకటి సిద్ధం చేసుకుని ఉన్నాను. ఇంటికి తిరిగొచ్చి అరుగు మీద కూర్చోగానే అడుగుదామని. ఆ ప్రశ్న నా దగ్గరే మిగిలిపోయింది.

మా ఇద్దరి పోట్లాట ఒక్కటే. సముద్రపు ఒడ్డున ఉన్న ఊరుమ్మడి భూమిని పెద్దోళ్లు కలిపేసుకుని రొయ్యల గుంటలు తవ్వారు. ఆ భూమి పేదలకు రావాలన్నది ఇద్దరి మాటా. ఓటుతోనే వస్తుందని ఆయన, చచ్చినా రాదని నేను. రొయ్యలు ఒలిచే కంపెనీలో సమ్మె చేసి కూలి పెంచుకున్నదాన్ని. నాకు ఓటంటే చులకన. పొద్దున్నే ఆయన పేపరు గట్టిగా చదివేది నన్ను కదిలించడానికే. నేను వంటింట్లోంచే జవాబు చెప్పేదాన్ని.

ఎన్నికలొస్తే చాలు, సర్పంచిగా నిలబడేవారు. ఒకసారి గొడుగు, ఒకసారి తాళంచెవి, వాళ్లు ఏ గుర్తు ఇస్తే ఆ గుర్తు. మా గోడ రోడ్డు మొహాన ఉంటుంది కనుక సున్నం బక్కెట్టుతో వచ్చేవారు.

"చెల్లెమ్మా, గోడిస్తావా?"

"ఓటెయ్యనన్నా, ముందే చెప్తుండా."

"ఓటు నీ ఇష్టం. గోడియ్యి చాలు."

బొమ్మ ఆయనే గీసేవారు. ఆ గొడుగును చూసి ఊళ్లో పిల్లలు గబ్బిలం అనుకున్నారు.

బల్ల గుర్తు వచ్చినప్పుడు గెలిచారు. గెలవగానే ఉమ్మడి భూమి ఖాళీ చేయాలని తీర్మానం పెట్టారు. గుంటల యజమానులు కోర్టుకెక్కారు. అది ఆయన ఊహించిందే. ఊహించనిదల్లా, ఓటేసినవాళ్లే వచ్చి అరుగు ముందు నిలబడడం.

"గుంటలు పూడిస్తే మాకు కూలెట్టన్నా? కోర్టు తేల్చేదాకా మా పొయ్యి ఎట్ట రాజేది?"

ఆయన పదవి ముగిసేసరికి, గుంటల మధ్య నుంచి వలలు మోసుకుపోవడానికి ఒక బాట మాత్రం విడిపించగలిగారు.

నేను ఊరుకుంటానా! "కొండను తవ్వి ఎలకను పట్టినావే" అన్నాను.

ఆయన నవ్వారు. "ఓటేసినోళ్లు మర్నాడు గూడా మనతో నిలబడాల చెల్లెమ్మా. నలుగుర్నీ నిలబెట్టే పని నీకు తెలుసు, నాకు తెలీదు. నువ్వేమో గోడిస్తావు గానీ రావు."

ఆ తర్వాత ఆయన మళ్లీ నిలబడలేదు. గోడ మీది బల్లకు నేనే సున్నం కొట్టించాను.

మాట్లాడే మనుషులు ఊరినిండా ఉన్నారు. పోట్లాడే మనిషి పోయాక పొద్దు గడవడం లేదు. ఎదురింటికి తాళం. వంటింట్లో నా గిన్నెల చప్పుడు నాకే వినబడుతుంది.

ఎన్నికలు మళ్లీ వస్తున్నాయి. నిన్న రంగు డబ్బాలతో ఇద్దరు వచ్చి గోడ అడిగారు.

"ఉమ్మడి భూమి సంగతేంది?" అన్నాను.

"అయన్నీ ఇప్పుడెందుకక్కా? గోడిస్తారా, ఇయ్యరా?"

"మాటిచ్చేసినా" అన్నాను. ఎవరికని వాళ్లు అడగలేదు.

ఆయన కోసం దాచిన ప్రశ్న ఇదీ: "అన్నా, ఆ మర్నాటి పని నేను చూసుకుంటా. ఇంకొక్కసారి నిలబడతావా?"

ఉప్పుగాలికి గోడ మీది సున్నం పెచ్చులూడుతోంది. కింద నుంచి ఆయన గీసిన బల్ల బయటపడుతోంది. ఒక కాలు పొట్టి. మీద ఎవరూ లేరు.