బెదరని కుక్కపిల్ల

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతు దగ్గరే ఆగిపోయి ఉంది. చెప్పబోయిన ప్రతిసారీ వేరే మాటేదో బయటికి వచ్చింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

పలాసలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆ తర్వాత చుక్కల కుక్కల్ని, అదే డాల్మేషియన్లను పెంచి పిల్లల్ని అమ్మాను. తల్లిని చూపించకుండా పిల్లనిచ్చేదాన్ని కాదు. నలభై అయిదు రోజులు నిండందే తల్లి నుంచి వేరు చేసేదాన్ని కాదు. పుట్టిన తేదీ, సూది వేయించిన తేదీ కాగితం మీద రాసి చేతిలో పెట్టేదాన్ని. జాతి పిల్ల కావాలంటే టీచరమ్మ దగ్గరికే వెళ్లాలి, అక్కడ మోసం ఉండదు అని టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా అనుకునేవారు. ఆ మాట వినడం నాకు ఇష్టం. ఎంత ఇష్టమో అప్పటికి తెలియదు.

తుపానుకు మా ఉద్దానం ప్రాంతంలో జీడి, కొబ్బరి చెట్లు కూలిన మరుసటి ఏడాది మా కుక్క ఏడు పిల్లల్ని పెట్టింది. అందులో ఒకటి చెవిటిది. పాలపళ్లెం నేల మీద పెట్టిన చప్పుడుకు ఆరు లేచేవి. ఏడోది పక్కవి కదిలితేనే కదిలేది. నిద్రలో ఉండగా దాని వెనక చప్పట్లు కొట్టి చూశాను. వారం రోజులు చూశాను. చెవి కూడా ఆడించలేదు. ఈ జాతిలో అలాంటివి పుడతాయని నాకు తెలుసు. ఒకటి పుట్టిందని బయటికి పొక్కితే మిగతా ఆరింటినీ, వాటి తల్లినీ, చివరికి నన్నూ అనుమానంగా చూస్తారనీ తెలుసు. దాన్ని ఎవరికీ ఇవ్వకుండా నా దగ్గరే ఉంచుకుందామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక ఇప్పుడు అలా అనుకుంటే బాగుంటుందనా?

అక్కుపల్లి వైపు నుంచి తవిటమ్మ వచ్చింది. తుపానుకు పోగా మిగిలిన కాస్త జీడితోటకు ఆమె భర్తే కాపలా. పళ్లు పండితే వాసనకు ఎలుగుబంట్లు వస్తాయి.

"ఇదివరకు ఊరికుక్క ఉండీది టీచరమ్మా. ఎలుగుని సూసి మా మావ కంటె ముందు అదే ఇంటికొచ్చీసింది" అని నవ్వింది.

తోట కాపలాకి కుక్కపిల్లను ఎంచే పద్ధతి మా వైపు ఒకటుంది. రేకు డబ్బాలో జీడిపిక్కలు పోసి పిల్లల వెనక గలగలలాడిస్తారు. బెదిరినదాన్ని వదిలేసి, నిలబడినదాన్ని పట్టుకెళ్తారు. తవిటమ్మ డబ్బా వెంట తెచ్చుకుంది. ఊపింది. ఆరు పిల్లలూ మంచం కిందికి దూరాయి. ఏడోది దూరంగా, అటు తిరిగి ఎండలో కూర్చుని కాలు నాక్కుంటూ ఉంది.

"సూసినారా! ఇదొక్కటే కదల్నేదు. ఈ మచ్చలు సూత్తే సిరతపులికి సుట్టంలాగుంది. నాకిదే ఇయ్యండి."

"మగపిల్లలు ఇంకా ఉన్నాయి, చూడు" అన్నాను. అంతవరకే అన్నాను.

"వద్దు, ఇదే. దీనికేటీ లోటు నేదు గదా టీచరమ్మా? ఉంటే సెప్పీండి. మావ దీన్ని నమ్ముకుని పడుకుంటాడు."

ఇంత సూటిగా ఎవరూ అడగరు. నిజం నాలుక మీదే ఉంది, అయినా "మా ఇంట్లో లోటున్న పిల్ల పుట్టదు" అన్నాను. తేదీల కాగితం కూడా ఇచ్చాను. అందులో ఒక్క తేదీ తప్పు లేదు.

మరుసటి వేసవి చివర తవిటమ్మ మళ్లీ వచ్చింది. చీకటి పడే వేళ ఆమె భర్త కాపలా పాకలో కునుకు తీస్తుండగా ఎలుగు పాక వెనక నుంచి దూరి మీద పడిందట. ఒక కన్ను పోయింది.

"కుక్క గుమ్మంలోనే ఉంది టీచరమ్మా. ఒక్క అరుపు అరవనేదు. మావ మీద పడ్డాక సూసి అప్పుడు దూకింది. అది దూకబట్టే మావ బతికినాడు. పాపం, అదే పోనాది. తప్పు నాదేనమ్మా. పెరుగన్నం పెట్టి గారాబం సేసీసినాను. సోమరిదైపోనాది. మీ సేత్తో ఇంకో పిల్లనియ్యండి, ఈపాలి సరిగ్గా పెంచుతాను."

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఆమె తిడుతుందని భయపడ్డానా? కాదు. నమ్మదేమో, నేను రెండోసారి చెప్పాల్సి వస్తుందేమో అని భయపడ్డాను. చెవులు బాగా వినిపించే పిల్లను ఎంచి, డబ్బు తీసుకోకుండా ఇచ్చాను. ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆ ఏడాదే కుక్కల పెంపకం మానేశాను. మోకాళ్ల నొప్పులని చెప్పాను.

కన్ను పోవడానికి కారణం ఎలుగే అని నాకు నేను చెప్పుకోగలను. కానీ తవిటమ్మ నాకు పూండి సంతలో అప్పుడప్పుడూ కనిపిస్తుంది. కుక్కను పెంచుకునేవాళ్లు ఎవరు కనిపించినా ఆపి మరీ చెబుతుంది. "గారాబం సెయ్యకండి. నేను సేసి మావ కన్ను పోగొట్టినాను." నేను పక్కనే నిలబడి కూరలు ఏరుకుంటాను. భర్త ముఖం చూసిన ప్రతిరోజూ ఆమె తనను తాను తప్పు పట్టుకుంటోంది. ఆ తప్పు నాది. ఆమె చేతికి ఇచ్చి ఊరుకున్నాను.

పిల్ల చెవిటిది. నాకు తెలుసు. తవిటమ్మ పెంపకంలో ఏ లోపమూ లేదు.

ఇది మీరు వినాల్సిన మాట కాదు, ఆమె వినాల్సింది. అదీ తెలుసు. ఆ మూడు వాక్యాలూ రాశాక ఒకసారి పైకి చదివాను. గొంతులో అడ్డుపడలేదు.