చంద్రుడి మట్టి, ఆరు కుట్టు మిషన్లు

ఎనభైల మొదట్లో జాలరిపేట పక్కన మునిసిపల్ బాలికల హైస్కూల్లో నేను సైన్సు చెప్పేదాన్ని. మా లేబొరేటరీ అంటే ఒక గది, రెండు బల్లలు, మూత పోయిన యాసిడ్ సీసా, గోడకి ఒక అస్థిపంజరం బొమ్మ. ఆ గది మీద మునిసిపల్ ఆఫీసు వాళ్ళ కన్ను పడింది. ఆడపిల్లలకి పనికొస్తాయని ఆరు కుట్టు మిషన్లు మంజూరు చేశారు గానీ, వాటిని పెట్టే చోటు మాత్రం మంజూరు చెయ్యలేదు. హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిచి, వచ్చే నెల సైన్సు ఎగ్జిబిషన్‌లో ఏదో ఒకటి సాధించకపోతే గది కుట్టుపనికి పోతుందని చెప్పింది. కుట్టుపని మీద నాకేం కోపం లేదు. నా జాకెట్లు నేనే కుట్టుకుంటాను. కానీ గది పోతే మా పిల్లలు లిట్మస్ కాగితాన్ని కూడా నల్లబల్ల మీద బొమ్మలోనే చూడాలి. అది తలుచుకుంటే ఒళ్ళు మండిపోయేది.

ఎగ్జిబిషన్ ద్వారకా నగర్‌లో, ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూల్లో. ముందుగా పెట్టిన మీటింగ్‌లో ఆ స్కూలు కరస్పాండెంటు, తమ పిల్లలు చంద్రుడి మీద అమెరికావాళ్ళు దిగడం చూపిస్తారని చెప్పాడు. అక్కడితో ఆగక, గవర్నమెంటుకి ఏదీ చేతకాదనీ, అన్నీ ప్రైవేటుకి అప్పగిస్తే గానీ దేశం బాగుపడదనీ ఉపన్యాసం ఎత్తుకున్నాడు. నాకు నోరు ఆగదు.

"చంద్రుడి దాకా వెళ్ళిన అమెరికావాళ్ళూ, రష్యావాళ్ళూ గవర్నమెంటువాళ్ళే కదండీ. ప్రైవేటువాళ్ళు ఇంకా ద్వారకా నగర్ దాటినట్టు లేదు" అన్నాను.

మేష్టార్లు టీ కప్పుల్లోకే నవ్వుకున్నారు. ఇప్పుడు కంపెనీలు కూడా చంద్రుడి మీదికి యంత్రాలు పంపుతున్నాయి. వాటిలో ఏదైనా దిగీ దిగగానే పక్కకి ఒరిగిపోయిందని పేపర్లో చదివితే, ఆయనే గుర్తొస్తాడు పాపం.

అనడం తేలికే, చెయ్యడానికి మాకేం మిగిలింది? అమెరికాని వాళ్ళు పట్టేశారు. ఇక రష్యాయే గతి. రష్యావాళ్ళు మనిషిని పంపకుండా, యంత్రాన్ని పంపి చంద్రుడి మట్టి తెప్పించుకున్నారని క్లాసులో చెబితే, మనుషులు వెళ్ళకపోతే ఏం గొప్పని పిల్లలు మొహాలు ముడిచారు. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. వాళ్ళ నాన్న వేటకెళతాడు, వాళ్ళమ్మ తట్టలో చేపలమ్ముతుంది.

"సేపలు కావాలంటే మా అయ్య సముద్రంలోకి దూకుతాడేటి టీచరమ్మా? పడవలో కూకోని వలేత్తాడు గానీ" అంది.

దాంతో క్లాసంతా రష్యా పక్షమైపోయింది.

అట్టపెట్టె, సైకిలు చువ్వలు, నూనెడబ్బా రేకు కలిపి యంత్రం తయారుచేశాం. తాడుతో కిందికి దించితే బాగానే దిగేది గానీ, మట్టి మాత్రం ఎత్తేది కాదు. మళ్ళీ ఆ పిల్లే దారి చూపించింది. మా ఒడ్డున ఇసకలో నల్లచారలుంటాయి. అయస్కాంతం పెడితే ఆ నల్లరేణువులు గడ్డంలా అంటుకుంటాయి. ఇక్కడ ఆ ఆట ఆడని పిల్లలుండరు. పాడైన రేడియో స్పీకర్లోంచి అయస్కాంతం ఊడదీసి యంత్రం అడుగున దాచాం. నల్ల ఇసక ఎండబెట్టి పళ్ళెంలో పరిస్తే చంద్రుడు సిద్ధం. అసలు యంత్రం మట్టిని తొలిచి తీసిందని నాకు తెలుసు. ఎవరైనా అడిగితే అప్పుడు చూసుకోవచ్చనుకున్నాను.

ఎగ్జిబిషన్ రోజు ముఖ్య అతిథిగా ఉక్కు ఫ్యాక్టరీ కట్టడానికి వచ్చిన రష్యన్ ఇంజినీరు వచ్చాడు, వెంట ఒక దుబాసీ. ప్రైవేటు స్కూలువాళ్ళ థర్మోకోల్ చంద్రుడి ముందు కాసేపు నిలబడి, మా దగ్గర మాత్రం గొంతుక్కూర్చున్నాడు. పిల్ల యంత్రాన్ని దించి మట్టి పైకి లాగింది. ఇంకోసారి చెయ్యమన్నాడు. చేసింది. అప్పుడు యంత్రాన్ని తిరగేసి, అయస్కాంతం ఊడబీకి పైకెత్తి చూశాడు. ఇనుముతో బతికేవాడి దగ్గరా మన దొంగాట అని నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

పిల్ల మాత్రం జంకలేదు. "మీరు తవ్వి తెచ్చారంట. మాకాడ తవ్వీ మిషన్ లేదు, ఇదుంది" అంది.

దుబాసీ చెప్పగానే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. చిటికెడు ఇసక కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకున్నాడు. బహుమతులు మాత్రం జడ్జీలు ప్రైవేటువాళ్ళకే ఇచ్చారు. మాకు ఒట్టి చప్పట్లు.

తిరుగు రిక్షాలో హెడ్‌మిస్ట్రెస్, సోమవారం మిషన్లు దింపుతారని చెప్పింది. ఆదివారం చర్చి తప్పని మనిషి, ఆవిడ నోట అబద్ధం రాదు. నాకు ఆ బాధ లేదు. రష్యన్ ఇంజినీరు మన లేబొరేటరీ చూడ్డానికి వస్తానన్నాడని చెప్పేశాను.

గవర్నమెంటు బళ్ళో ఎవరైనా చూడ్డానికి వస్తున్నారంటే కుర్చీ కూడా కదపరు. మర్నాడే గదికి సున్నం కొట్టించారు. యాసిడ్ సీసాకి మూత దొరికింది. సోమవారం వచ్చిన మిషన్లు వరండాలో ఉండిపోయాయి. ఎప్పుడొస్తాడని హెడ్‌మిస్ట్రెస్ అడిగినప్పుడల్లా ఒకసారి సెలవు మీద వెళ్ళాడన్నాను, ఒకసారి జ్వరమన్నాను, ఒకసారి ఫ్యాక్టరీలో పని తెమలడం లేదన్నాను. అలా నాలుగేళ్ళు లాగాను. ఎక్కడ బయటపడుతుందోనని బెంగగానే ఉండేది.

తను రిటైరయ్యే రోజున హెడ్‌మిస్ట్రెస్ నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"ఆయన రాడని నాకు మొదటి వారమే తెలుసు. ఆ దుబాసీని అడిగాను. అబద్ధం ఆడింది నువ్వు. నాను నమ్మానంతే. నమ్మితే పాపం లేదు గదా" అంది.

తర్వాత ఒక ఫైలు నా ముందుకి తోసింది. గది ఖాళీ చెయ్యమని ఆఫీసు రాసినప్పుడల్లా ఆవిడ పంపిన జవాబులవి. ప్రతి దానిలోనూ మొదటి మాట ఒకటే: 'సైన్సు టీచరు తెలియజేసిన ప్రకారం'. పక్కనే నా పూర్తి పేరు. ఏ ఆఫీసరైనా ఫ్యాక్టరీకి ఒక్క ఫోను చేసి ఉంటే పోయేది నా ఉద్యోగమే. నాకు మండుకొచ్చింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది, ఎందుకంటే ఆ గదిని కాపాడింది నేనొక్కదాన్నే అనుకుంటూ నాలుగేళ్ళు గర్వపడ్డాను.

ఆవిడ లేబొరేటరీ తాళంచెవి నా చేతిలో పెట్టింది. "సోమవారం కొత్తావిడొత్తాది. ఆయనెప్పుడొత్తాడో ఆవిడకీ నువ్వే సెప్పాల" అంది.

సోమవారం కొత్తావిడ చేరింది. మంగళవారం చెప్పాను.